నవ్వు షాటు

చచ్చిపోవడంలో బెన్‌హర్‌ని మించినవాడు ఫిల్మ్‌నగర్ మొత్తంలో లేడు.

మాట మొరటుగా ఉన్నా ఉన్న సంగతి అది. జూనియర్ ఆర్టిస్టుల్లో పెళ్ళిపందిట్లో అక్షింతలు వేసేవాళ్ళు, కోర్టు సీన్లో తలలూపేవాళ్ళు, హీరో తంతే గాల్లోకి లేచేవాళ్ళు కావలసినంతమంది దొరుకుతారు. కదలకుండా పడుకునేవాళ్ళే దొరకరు. దోమ వాలుతుంది. పూలదండ మెడకి గుచ్చుకుంటుంది. పక్కన గుండెలు బాదుకునే అమ్మాయి జడ వచ్చి మొహంమీద పడుతుంది. ఇలాంటివేవీ బెన్‌హర్‌కి పట్టవు. ఊపిరి ఎక్కడ తీస్తాడో, ఎప్పుడు వదుల్తాడో పక్కనున్నవాళ్ళకి కూడా తెలియదు. అందుకే ఏ సినిమాలో ఏ పెద్దాయన పోవలసి వచ్చినా ముందు అతనికే కబురు వెళ్ళేది.

ఆ సోమవారం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో హీరోగారి తాత పోయాడు. హాలు మధ్యలో చాప, తలదగ్గర దీపం, చుట్టూ తెల్ల చీరల్లో ఆడవాళ్ళు. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాజీ మోకాళ్ళమీద కూర్చుని బెన్‌హర్ కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లదారంతో కట్టింది. ముక్కులో దూది పెట్టింది.

"వదులుగానే పెట్టాను తమ్ముడూ. ఊపిరాడుతోందా?"

బెన్‌హర్ రెప్పతోనే ఆడుతోందన్నాడు.

"ఏంటో, క్రీస్తుబిడ్డకి నా చేత్తో విభూతి పెట్టడం నాకు రాసిపెట్టుంది. ఆదివారానికల్లా శుభ్రంగా కడిగేసుకో. లేకపోతే పాస్టరుగారు నా మీదకొస్తారు" అంటూ నుదుటిమీద మూడు వేళ్ళతో అడ్డంగా గీసింది. 

ఎప్పుడూ ఆ మాటకి బెన్‌హర్ పెదవి చివర కొంచెం కదిలేది. ఆ రోజు కదల్లేదు. అమ్మాజీ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, చేతికంటిన విభూతి కొంగుకి తుడుచుకుని లేచింది.

షాట్ మొదలైంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, తాతగారి మంచితనం గురించి హీరోగారు పేజీన్నర డైలాగు చెప్పారు. ఆడవాళ్ళు ఏడ్చారు. లైట్ల వేడి దుప్పటిలా మీద పరుచుకుంది. ఆ ఏడుపుల మధ్య పడుకుంటే బెన్‌హర్‌కి హాయిగా అనిపించింది. కొన్నాళ్ళుగా తెల్లవారుజామునే మెలకువ వచ్చి, గుండెలమీద సన్నికల్లు పెట్టినట్టు ఉంటోంది. ఇంట్లో భార్య ఏమైందని అడుగుతుంది. టీకొట్టు దగ్గర తోటివాళ్ళు అదే అడుగుతారు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. కదలకుండా ఉంటే మెచ్చుకుంటారు కూడా.

"కట్! ఓకే!" అన్నారు డైరెక్టరుగారు. ఏడ్చేవాళ్ళు ఏడుపాపి ముక్కులు తుడుచుకున్నారు. శవం లేవలేదు.

"బాబాయ్, షాట్ ఓకే. లేవండి" అని అసిస్టెంట్ డైరెక్టర్ చరణ్ తేజ వచ్చి భుజం తట్టాడు.

లేవాలా, అనుకున్నాడు బెన్‌హర్. ఎందుకు లేవాలి? ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండును. ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం అతనికి చెప్పలేనంత భయం వేసింది. గబుక్కున కళ్ళు తెరిచాడు.

అసలు తంటా అక్కడినుంచే వచ్చింది. శవం వేషం వేసినవాడు శవంగానే సెట్‌మీంచి వెళ్ళిపోకూడదు. లేచి కూర్చుని, అదే కెమెరా ముందు నవ్వాలి. ఆ యూనిట్లో దాన్ని నవ్వు షాటు అంటారు. అది సినిమాలో ఉండదు, ఎడిటింగ్‌లో తీసిపారేస్తారు. అయినా తియ్యకుండా వదలరు. కంప్యూటర్లో ఏనుగుల మందల్ని పుట్టిస్తున్న ఈ రోజుల్లో కూడా ఆ కాస్త నవ్వు పడితేగాని సెట్‌కి పట్టిన కీడు పోదని పెద్ద టెక్నీషియన్ల దగ్గర్నుంచి టీ ఇచ్చేవాడి దాకా అందరి నమ్మకం.

"రెడీ బాబాయ్? నవ్వండి!"

బెన్‌హర్ నవ్వాడు. అంటే పళ్ళు కనిపించాయి. 

"పళ్ళు కాదు బాబాయ్, నవ్వు, నవ్వు" అన్నాడు చరణ్ తేజ.

మళ్ళీ పళ్ళే కనిపించాయి. ఇందాక భోరున ఏడ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు చక్కిలిగింతలు పెట్టడానికి వచ్చారు. లైట్‌మన్ జంగయ్య స్టాండు వదిలేసి వచ్చి, హీరోగారు చూడకుండా హీరోగారి నడక నడిచి చూపించాడు. హాలంతా నవ్వింది. బెన్‌హర్ నోరు తెరిచాడు. నవ్వు రాలేదు, కంట్లోంచి ఒక నీటిచుక్క మాత్రం బుగ్గమీదకి జారింది. 

గ్లిజరిన్ కన్నీళ్ళు రోజూ చూసేవాళ్ళు వాళ్ళు. ఇది అది కాదని అందరికీ తెలిసిపోయింది. కెమెరామన్ కెమెరా ఆపేశాడు.

"ఏందన్నా గిది. మంచిగ లేదు" అన్నాడు జంగయ్య నెమ్మదిగా.

జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు సూర్యప్రకాశరావు వచ్చి బెన్‌హర్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఎప్పుడు చూసినా ఆవాలు వేగుతున్న మూకుడులా చిటపటలాడుతూ ఉంటాడు. 

"చూడవయ్యా, డైరెక్టరుగారు పట్టింపు మనిషి. కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. నవ్వొచ్చినప్పుడు ఫోన్ చెయ్యి."

ఏజెంట్ల భాషలో ఇంట్లో ఉండమంటే ఇంక పిలవరని అర్థం. బెన్‌హర్ బట్టలు మార్చుకున్నాడు. పని చెడగొట్టలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. చావడం చక్కగానే చచ్చాడు. బతకడం దగ్గరే మాట పడ్డాడు.

కబురు అతనికంటే ముందు ఇల్లు చేరింది. ఫిల్మ్‌నగర్ బస్తీలో కబుర్లకి బండి అక్కర్లేదు. కరుణాకుమారి కుట్టుమిషను దగ్గర జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. భర్త గుమ్మంలోకి రాగానే ఏమీ అడక్కుండా లేచి అన్నం వడ్డించింది. చేపల పులుసు. పొద్దున్న చింతపండు నానబెట్టినప్పట్నించీ అతను ఇష్టంగా తింటాడని ఆశ పెట్టుకుంది. అతను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఇంతలో జంగయ్య వచ్చాడు. పక్క సందులోనే ఉంటాడు. ఆప్యాయత కొద్దీ వచ్చాడు గాని, ఆప్యాయత చూపించడానికి అతనికి తెలిసిన దారి వేళాకోళం ఒక్కటే.

"గిట్ల మొకం పెట్టుకొని కూసుంటే ఎట్లనే అన్నా? జర నవ్వు. లేకుంటే ఎర్రగడ్డకు తోల్కపోతరు చూస్కో!" అని తనే పగలబడి నవ్వాడు.

ఎర్రగడ్డలో బజారుంది, మెట్రో స్టేషనుంది. అయినా ఈ ఊళ్ళో ఎవరైనా ఆ పేరు అలా అన్నారంటే అక్కడున్న పిచ్చాసుపత్రి గురించే. బెన్‌హర్ మొహం నల్లబడింది. కరుణ కత్తెర చప్పుడయ్యేలా బల్లమీద పెట్టింది. 

"టీ తాగి వెళ్ళండి జంగయ్యగారూ" అంది. టీ పెట్టే ఉద్దేశం ఆ గొంతులో ఎక్కడా లేదు. జంగయ్య వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఆమె హుక్కుల జాకెట్టూ సూదీ పట్టుకుని వచ్చి భర్త పక్కన నేలమీద కూర్చుంది.

"మీరు నవ్వకపోతే నాకొచ్చిన నష్టమేం లేదండీ. మన పెళ్ళి ఫొటోలోనే మీరు నవ్వలేదు. తినకపోతే మాత్రం ఊరుకోను. ఏమవుతోంది మీకు? నాతో చెప్పండి."

"ఏం లేదు."

"ఏం లేదు, ఏం లేదు అంటూ ఎన్నాళ్ళు? పండక్కి కొన్న చొక్కా మడత విప్పలేదు. చర్చిలో పాట పాడటం మానేశారు. నాకు కళ్ళు లేవా?"

బెన్‌హర్ తన పాదాలకేసి చూస్తూ కూర్చున్నాడు. 

"ఇవాళ అక్కడ పడుకున్నప్పుడు బాగుంది కరుణా. లేవాలనిపించలేదు" అన్నాడు.

కరుణ చేతిలో సూది ఆగిపోయింది. ఆ మాటకి అర్థం ఏమిటో విడమరిచి అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. అతను చూస్తున్నవైపే చూసింది. కుడికాలి బొటనవేలికి అమ్మాజీ కట్టిన తెల్లదారం ముక్క ఇంకా అలాగే ఉంది. శవానికి కట్టిన దారంతోనే బస్సెక్కి ఇంటిదాకా వచ్చేశాడు మనిషి. కరుణ వంగి, కత్తెర బల్లమీదే ఉన్న సంగతి మరిచిపోయి, ఆ దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికేసింది. తర్వాత అతని పాదం మీద చెయ్యి వేసి ఏడ్చింది. అతను ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆ పని ఈమధ్య అతను చేసి చాలా రోజులైంది.

మంగళవారం పొద్దున్నే అమ్మాజీ వచ్చింది. చంకలో, కుట్లు ఊడిన చొక్కాల మూట ఉంది గాని, అది ఊరికే తెచ్చిన వంక. కరుణే ఫోన్ చేసి రమ్మంది.

"వదినగారూ, టీ" అని కరుణ గ్లాసు అందించింది. అమ్మాజీ కొంగుముడి విప్పి చిన్న మాత్ర తీసి, నోట్లో వేసుకుని టీ గుక్కతో మింగింది. 

"ఇది దేనికనుకుంటున్నావు తమ్ముడూ?"

"బీపీకి అనుకుంటా అక్కా."

"బీపీ లేదు, నా మొహం లేదు. మనసుకి. పోయినేడు చీర మడత పెట్టడానికి కూడా చేతులు లేచేవి కాదు నాకు. ఊరికే ఏడుపొచ్చేది. చర్చి సందులో ట్రస్టువాళ్ళ దవాఖానకి మంగళవారం, శుక్రవారం పొద్దున భువనగారని డాక్టరమ్మ వస్తుంది. మన మాట వింటుంది. అవసరమైతే మందు రాస్తుంది. అంతే, ఇందులో పెద్ద విడ్డూరం ఏముంది? జ్వరమొస్తే వెళ్ళవూ?"

బెన్‌హర్‌కి ఆ దవాఖాన తెలుసు. ముందు బెంచీలు వేసిన వసారా, దాని వెనక రెండు గదులు. పెద్ద గదిలో నర్సు భూలక్ష్మి జ్వరాలూ దెబ్బలూ చూస్తుంది. చిన్న గది తలుపుమీద 'మానసిక ఆరోగ్య కేంద్రం' అని అరచెయ్యంత అక్షరాలతో బోర్డు. ఆ బోర్డు పెట్టిన మహానుభావుడెవరో గాని, దానికి సరిగ్గా ఎదురుగా టీకొట్టు. కాల్ రాని జూనియర్ ఆర్టిస్టులూ, డ్యూటీ లేని లైట్‌మన్‌లూ పొద్దుటినుంచి అక్కడే కూర్చుని దారినపోయే ప్రతివాడికీ ఓ పేరు పెడుతుంటారు. 

"అంతమంది ముందు ఆ తలుపు తోసుకుని ఎలా వెళ్ళనక్కా? సాయంత్రానికల్లా నాకు పిచ్చని ఊరంతా చెప్పుకుంటారు."

"నేనెలా వెళ్ళాననుకున్నావు? చీపురు పట్టుకుని వెళ్ళాను. ఊడ్చేదాన్ననుకున్నారు. లోపలికెళ్ళి చీపురు మూలకి పెట్టి, కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. నీకూ ఉందిగా విద్య, వాడుకో."

అలా బెన్‌హర్ జీవితంలో మొదటిసారి నిలబడి వేసే వేషం ఒకటి దొరికింది. జ్వరం వేషం. తలకి తువ్వాలు చుట్టాడు. ఎండలో దుప్పటి కప్పుకున్నాడు. జ్వరంతో వచ్చానని లోపలికెళ్ళి, వీలు చూసుకుని చిన్న గదిలోకి జారుకోవాలని పథకం. టీకొట్టు దగ్గరకి వచ్చేసరికి దగ్గు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ కదలకుండా పడుకున్న మనిషికి కదిలే అవకాశం వస్తే ఊరుకుంటాడా? దగ్గుతో సరిపెట్టుకోకుండా వణికాడు. వణుకుతో సరిపెట్టుకోకుండా గోడ పట్టుకుని ఒరిగాడు.

"అయ్యో అన్నా!" అని టీగ్లాసు పారేసి జంగయ్య పరిగెత్తుకొచ్చాడు. నిన్నటి వేళాకోళానికి మనసులో నొచ్చుకునే ఉన్నాడు పాపం. "జర నన్ను పట్కో. ఫికర్ చెయ్యకు, నేనున్న" అంటూ భుజాలు పట్టుకుని లోపలికి నడిపించి, నర్సు ముందు కూర్చోబెట్టి, తనూ పక్కనే నిలబడిపోయాడు. కదలడే!

భూలక్ష్మి థర్మామీటరు పెట్టి చూసింది. 

"జ్వరం లేదు. మరి మనిషేంటి ఇలా వణికిపోతున్నాడు? మలేరియా అయితే ఇలాగే వచ్చిపోతూ ఉంటుంది. చెయ్యి చాపండి, రక్తం తీస్తాను. ఇక్కడే పదినిమిషాల్లో తెలిసిపోతుంది."

బెన్‌హర్‌కి దొంగకి తేలు కుట్టినట్టయింది. నాకు జ్వరం కాదమ్మా, ఆ గదిలోకి వెళ్ళాలి అంటే సరిపోయేది. పక్కన జంగయ్య. నోరు రాలేదు. సూది దిగింది. చిన్న గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల డాక్టర్ భువన ఒక్కతే కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది. ఆమె ముందు కుర్చీ ఖాళీ. ఆమె తలెత్తి అతన్ని చూసింది. అతను చూపు తిప్పుకుని, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని బయటికొచ్చేశాడు.

"ఏమన్నారు?" అని గుమ్మంలోనే అడిగింది కరుణ.

"మలేరియా లేదట."

జరిగింది విని కరుణ మిషనుమీద తల ఆనించి నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. 

"ఇంత బాగా నటించేవాళ్ళకి ఇన్నాళ్ళూ శవం వేషాలు ఎందుకిచ్చారండీ?"

ఆమె నవ్వుతుంటే చూడటం అతనికి బాగుంది. తనకి మాత్రం నవ్వు రాలేదు. శుక్రవారం మళ్ళీ వెళ్తానన్నాడు.

గురువారం సాయంత్రం ఫోన్ మోగింది. సూర్యప్రకాశరావు. 

"బెన్‌హర్, రేపు పొద్దున్నే యూనిట్ బండి ఎక్కెయ్. అదే బంగళా, అదే తాత. పాడెమీద క్లోజప్ తియ్యాలట. హీరోగారి డేట్లు రేపటితో అయిపోతాయి."

ఇంక రాదనుకున్న ఫోన్ అది. బెన్‌హర్ సంతోషపడాలి. గోడమీద క్యాలెండరు వైపు చూశాడు. 

"రేపు పొద్దున్న కుదరదండి రావుగారూ. దవాఖానకి వెళ్ళాలి. అయ్యాక వస్తాను."

"ఆ, విన్నాను. జ్వరమటగా? ఒక మాత్ర వేసుకుని వచ్చెయ్. ఎలాగూ పడుకునేదేగా."

జ్వరం. ఎవరో ఉతికి ఇస్త్రీ చేసి చేతికిచ్చినంత తయారుగా ఉంది అబద్ధం. అవునండీ అంటే చాలు, పనీ పోదు, పరువూ పోదు. కరుణ మిషను తొక్కడం ఆపి అతనికేసి చూస్తోంది. మొన్న మోచేతిలో దిగిన సూది గుర్తొచ్చింది బెన్‌హర్‌కి. మళ్ళీ జ్వరమంటే మళ్ళీ జ్వరానికే మందిస్తారు.

"జ్వరం కాదండీ. మనసు బాగుండటం లేదు. దానికే వెళ్తున్నాను. రేపు పోతే ఆ డాక్టరమ్మ మళ్ళీ మంగళవారందాకా రారు" అన్నాడు. 



"మనసు బాగాలేదని మానేసే పనులేనటయ్యా మనవి? రేపు రాకపోతే ఇంక నా ఫోన్ రాదు" అని పెట్టేశాడు సూర్యప్రకాశరావు.

బెన్‌హర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు.  కరుణ లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసి అలమర్లో పెట్టేసింది. 

"పోతే పోనివ్వండి. జాకెట్లు కుట్టి తింటాం" అంది. భయం ఆమెకీ ఉంది. ఆ మాట అన్నందుకు బెన్‌హర్‌కి ఆమెమీద ఎంతో ప్రేమ కలిగింది.

శుక్రవారం తువ్వాలు లేకుండా, దుప్పటి లేకుండా, మడత విప్పని కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. అతను పెద్ద గది దాటి చిన్న గది తలుపు తోశాడు. వీపుమీద అన్ని కళ్ళూ తగులుతున్నాయి గాని, తీరా తలుపు మూసుకున్నాక అవన్నీ బయటే ఉండిపోయాయి.

"ఇవాళ జ్వరం లేదాండీ?" అంది డాక్టర్ భువన.

"అది వేషమమ్మా."

"బాగా వేశారు. కూర్చోండి."

ఆమె ఫ్యాను అతనివైపు తిప్పింది. నిద్ర పడుతోందా అని అడిగింది. ఎన్నింటికి మెలకువ వస్తోంది, లేచాక ఏమనిపిస్తుంది, అన్నం సహిస్తోందా. మామూలు ప్రశ్నలే. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే బెన్‌హర్‌కి తనదగ్గర ఇన్ని మాటలున్నాయా అనిపించింది. గుండెలమీద సన్నికల్లు గురించి చెప్పాడు. సోమవారం నవ్వు షాటు గురించి చెప్పాడు. ఆమె రాసుకోవడం ఆపి, సూటిగా అడిగింది.

"చచ్చిపోవాలనిపించిందా?"

ఆ ప్రశ్న అంత మామూలుగా ఎవరైనా అడుగుతారని అతను అనుకోలేదు. అడిగినందుకు ప్రాణం కుదుటపడింది. 

"చావాలని కాదమ్మా. లేవాలని లేదు."

"మళ్ళీ అలా అనిపిస్తే ముందు ఎవరికి చెప్తారు?"

"కరుణకి. చెప్పాను కూడా."

"మంచి పని చేశారు. ఇది జబ్బే. తగ్గే జబ్బు. మందు కొన్ని వారాలు వాడితే గాని తేడా తెలియదు. ఈలోగా వచ్చి మాట్లాడుతూ ఉండాలి." 

నవ్వమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

అప్పుడే బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. సూర్యప్రకాశరావు గొంతు. భూలక్ష్మి ఆగమంటోంది. టీకొట్టులోంచి ఎవరో కేకేశారు:

"ఏంది రావుసాబ్, నువ్వు గూడ గీ రూముకేనా?"

"నేను శవం కోసం వచ్చానయ్యా! నా శవం లోపలుంది!"

టీకొట్టంతా గొల్లుమంది. ఆ బోర్డు కింద నిలబడి అలాంటి మాట అంటే నవ్వరా మరి. డాక్టర్ భువన కంగారుగా లేచింది. 

"శవమా? ఎవరిది?"

"నాదేనమ్మా" అన్నాడు బెన్‌హర్.

సంగతి ఏమిటంటే, మనిషిని మార్చడానికి లేదు. సోమవారం తీసిన షాట్లలో తాతగారి మొహం బెన్‌హర్‌ది. పాడెమీద ఇంకొకరిని పడుకోబెడితే కుదరదు. హీరోగారు వచ్చి కూర్చున్నారు, లైట్లు పెట్టేశారు, పాడె కట్టేశారు. శవం లేదు. బంగళా అంతా అతనికోసం ఎదురుచూస్తోంది. నువ్వు కాకపోతే నీలాంటివాళ్ళు వందమంది అని ఇన్నేళ్ళూ విన్న బెన్‌హర్‌కి ఇది వింతగా ఉంది.

సూర్యప్రకాశరావు తలుపు తోశాడు. 

"మేడమ్, అక్కడ షూటింగ్ ఆగిపోయింది."

"మేం మాట్లాడుకుంటున్నామండీ. కూర్చోండి, అయ్యాక వస్తారు" అని డాక్టర్ భువన నెమ్మదిగా తలుపు మూసింది. బెన్‌హర్ లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

మందుచీటీ తీసుకుని బయటికొచ్చేసరికి సూర్యప్రకాశరావు బోర్డు కింద బెంచీమీద, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాడు బెన్‌హర్. తిట్టలేదు. స్కూటర్ ఎక్కమని సైగ చేశాడు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి మెయిన్‌రోడ్డులో కలిశారు. సిగ్నల్ దగ్గర ఆగాక, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏమడుగుతుందయ్యా ఆవిడ?"

"నిద్ర పడుతోందా అని అడిగారండి."

పచ్చలైటు వెలిగింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. స్కూటర్ కదల్లేదు.

"పట్టకపోతే?"

"ఎన్నాళ్ళనుంచి అని అడుగుతారండి."

సూర్యప్రకాశరావు బండి ముందుకి పోనిచ్చాడు.  

"మంగళవారాలు, శుక్రవారాలు మనకెక్కడ కుదుర్తాయి? తెల్లారకముందే మిమ్మల్నందర్నీ బండ్లు ఎక్కించేవాణ్ణి. మన ఇండస్ట్రీకి ఉన్న సెలవల్లా నెలలో రెండో ఆదివారం ఒక్కటే. ఆ రోజు దవాఖాన తియ్యరు."

"అడిగితే తీస్తారేమోనండి. మంచావిడ" అన్నాడు బెన్‌హర్.

పాడెమీద క్లోజప్ బాగా వచ్చింది. "కట్" అనగానే, చరణ్ తేజ వచ్చి తట్టకముందే, బెన్‌హర్ ముక్కులో దూది పీకేసి లేచి కూర్చున్నాడు. అమ్మాజీ వచ్చి ఈసారి రెండు వేళ్ళ దారాన్నీ జాగ్రత్తగా తీసేసి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.

"బాబాయ్... మరి నవ్వు షాటు..." అని నసిగాడు చరణ్ తేజ.

"నవ్వు ఇంకా రావడం లేదు బాబూ. మొన్న మీరు లేపితే గాని లేవలేదు. ఇవాళ నా అంతట నేనే లేచాను. అది తీసుకోండి."

అందరూ డైరెక్టరుగారివైపు చూశారు. కెమెరా వెనకనుంచి సూర్యప్రకాశరావు గొంతు సవరించుకుని అన్నాడు.

"తీసుకోండి సార్. మనిషి లేచాడు, మంచినీళ్ళు తాగుతున్నాడు. ఇంతకంటే శుభం ఏం కావాలి? నవ్వు వచ్చినప్పుడు వస్తుంది."

డైరెక్టరుగారు కాస్త ఆలోచించి సరేనన్నారు. బెన్‌హర్ పాడెమీద కూర్చుని గ్లాసుడు నీళ్ళు తాగుతుంటే కెమెరా తిరిగింది. జంగయ్య నిమ్మకాయతో దిష్టి తీసి గేటు అవతల పారేశాడు.

ఒక్కరోజులో పోయే జబ్బు కాదది. మందు మొదలుపెట్టాక కూడా సన్నికల్లు తెల్లవారుజామున వచ్చి కూర్చునేది. అలాంటి పొద్దున బెన్‌హర్ కరుణని లేపి ఇవాళ బాగాలేదని చెప్పేవాడు. ఆమె లేచి టీ పెట్టేది. మెల్లగా చేపల పులుసు రుచి తెలిసింది. ఒక ఆదివారం చర్చిలో పాట రెండో చరణం తనకి తెలియకుండానే అందుకున్నాడు. సూర్యప్రకాశరావు ఫోన్లు మానలేదు. అవసరం లేని వేళల్లో కూడా చేసి, ఆ మందుతో మత్తుగా ఉంటుందా, ఎన్నాళ్ళు వాడాలి, అని ఎవరికోసమో అడుగుతున్నట్టు అడిగేవాడు.

తర్వాతి నెల రెండో ఆదివారం వచ్చింది. సూర్యప్రకాశరావు ట్రస్టువాళ్ళ చుట్టూ, డాక్టర్ భువన చుట్టూ తిరిగి మొత్తానికి దవాఖాన తెరిపించాడు. జూనియర్ ఆర్టిస్టులకీ, లైట్‌మన్‌లకీ, కాస్ట్యూమ్స్ వాళ్ళకీ కబురు పెట్టాడు. ఎవరూ రారు, మనమే వెళ్ళి కూర్చోవాలి అనుకుంటూ, చర్చినుంచి తిన్నగా కరుణని వెంటబెట్టుకుని వచ్చాడు బెన్‌హర్. 

టీకొట్టు ఖాళీగా ఉంది. ఒక్క మనిషి లేడు. బెన్‌హర్‌కి ఆశ్చర్యం వేసింది. దవాఖాన గుమ్మం ఎక్కి లోపలికి చూశాడు.

బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. టీకొట్టు జనమంతా ఇక్కడే ఉన్నారు. ఒక్కొక్కడి తలకీ తువ్వాలు చుట్టి ఉంది. కొందరు దగ్గుతున్నారు. ఒకడు వణుకుతున్నాడు, ఫైట్లు చేసేవాడు కాబట్టి వణుకు బెంచీకంతా తెలుస్తోంది. డ్యాన్సులు చేసే అమ్మాయి ఒకర్తి చేత్తో చీపురు పట్టుకుని నిలబడింది. పక్కనే అమ్మాజీ ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తోంది. ఓ మూల మఫ్లరూ, నల్లకళ్ళద్దాలూ పెట్టుకుని సూర్యప్రకాశరావు. చివరి బెంచీమీద, దుప్పటి ముసుగులో, అందరికంటే గట్టిగా దగ్గుతూ జంగయ్య.

భూలక్ష్మి సూదుల ట్రే పట్టుకుని పెద్ద గదిలోంచి బయటికి వస్తోంది. ఇంతమందికి ఒకేసారి జ్వరాలేమిటని ఆమె మొహంలో పెద్ద కంగారు.

బెన్‌హర్ వెళ్ళి జంగయ్య పక్కన కూర్చున్నాడు. చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"తువ్వాలు తీసెయ్ జంగయ్యా. దగ్గావంటే రక్తం తీస్తారు."

జంగయ్య దగ్గు సగంలో ఆగిపోయింది. చెయ్యి దుప్పట్లోకి లాగేసుకున్నాడు. 

"నిజమా అన్నా?"

బెన్‌హర్ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మడత చూపించాడు. సూది గుచ్చిన గుర్తు ఎప్పుడో మాసిపోయింది. అయినా జంగయ్య కళ్ళు గుండ్రంగా తిప్పి, ట్రే వైపు ఒకసారి చూసి, తువ్వాలు లాగి కాళ్ళకింద పడేసి కూర్చున్నాడు. అది చూసి పక్కవాడు తీశాడు. వాణ్ణి చూసి అవతలివాడు. వరసగా తువ్వాళ్ళు రాలిపోయాయి. వణికేవాడి వణుకు టక్కున ఆగింది. సూర్యప్రకాశరావు కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

బెన్‌హర్ పొట్టలో ఏదో కదిలింది. ఆపుకుందామనుకున్నాడు. దవాఖాన కదా, బాగుండదు. ఆగలేదు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత పళ్ళూ, కళ్ళూ, మనిషి మొత్తం కదిలాడు. బెంచీ పట్టుకుని నవ్వాడు. జంగయ్య భుజం పట్టుకుని నవ్వాడు. ఏమైందో తెలియకపోయినా డాక్టర్ భువన తలుపు తీసి చూసి తనూ నవ్వింది.

కరుణ గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో ఫోన్ ఉంది. ఫొటో తియ్యాలని ఆమెకి తోచనేలేదు.